గోరు ఫంగస్ ట్రయల్‌లో చేరమన్నారా? సంతకం పెట్టే ముందు చేయాల్సిన పనులు

కిందటేడు వానల్లో మా చిన్నమామయ్య ఫోన్ చేశాడు. ఆయనది మడకశిర వైపు పల్లె. పాతికేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాడు. టి.దాసరహళ్లిలో ఇల్లు, పీణ్యాలో లేత్ మిషన్ మీద పని. "ఏమ్మా, కాలి గోరుకి కొత్త మందు ఊరికే ఇస్తారంట. సంవత్సరం పాటు వచ్చిపోతుండాలంట. ఏదో కాగితం మీద సంతకం అడుగుతున్నారు. పెట్టేదా, వద్దా?"

నేను ఈ ఊళ్లోనే ఆరేళ్లు క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే పరిశోధనల్లో, కోఆర్డినేటర్‌గా చేశాను. అంటే అవే సంతకాలు పెట్టించుకునే కుర్చీలో కూర్చున్నదాన్ని. అయినా ఫోన్‌లో ఏ జవాబూ చెప్పలేకపోయాను. గోరు చూడకుండా, కాగితం చదవకుండా పెట్టమన్నా తప్పే, వద్దన్నా తప్పే. ఆదివారం గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి దాసరహళ్లి వెళ్లాను. ఆయన కాలు స్టూలు మీద పెట్టించి, మొబైల్ టార్చి వేసి చూశాను. ఆ పూట ఆయనకు ఏ వరసలో చెప్పానో ఇక్కడా అదే వరసలో రాస్తున్నా. గోరు ఫంగస్ మందు ట్రయల్‌కి రమ్మని మీకో, మీ ఇంట్లోవాళ్లకో పిలుపు వస్తే ఇవన్నీ చేసుకున్నాకే పెన్ను పట్టుకోండి.

1. అది ఫంగసేనా అని ముందు తేల్చుకోండి

మనవాళ్లు పుప్పిగోరు అంటారు. గోరు పచ్చబడి, మందమెక్కి, అంచులు పిండిలా రాలుతుంటే ఆ మాట సరిగ్గా సరిపోతుంది. కొందరు దీన్నే గోరుచుట్టు అంటారు, అది వేరు. గోరుచుట్టు అంటే గోరు పక్కన చర్మం వాచి చీము పట్టడం. డాక్టరు దగ్గర ఈ రెండు మాటలూ కలిపేస్తే మొదటి నిమిషంలోనే కథ దారి తప్పుతుంది.

చెడినట్టు కనిపించే గోళ్లలో దాదాపు సగమే ఫంగస్. మిగతా సగం సోరియాసిస్ కావచ్చు, బూటు ఒత్తిడి కావచ్చు, పాత దెబ్బ కావచ్చు. మామయ్య లాగా ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ షూ రోజుకు పది గంటలు వేసుకునేవాళ్లకి బొటనవేలి గోరు దెబ్బ వల్లే మందమెక్కి రంగు మారొచ్చు. రోజూ కాళ్లకు పసుపు రాసుకునే అమ్మమ్మల గోళ్లు పచ్చగా ఉంటే అది పసుపే కావచ్చు, రోగం కాకపోవచ్చు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు కాలి గోళ్ల మీద నెలల తరబడి ఉండిపోతుంది, దాని కింద ఏముందో ఎవరికీ కనపడదు. స్క్రీనింగ్‌కి (ట్రయల్‌లో తీసుకోవచ్చో లేదో చూసే పరీక్షలకి) వెళ్లే ఆలోచన ఉంటే ఆ ఏడాది కాలి గోళ్లకు గోరింటాకు, నెయిల్ పాలిష్ మానేయండి.

కంటితో చూసి ఫంగస్ అని చెప్పేస్తే ఒప్పుకోకండి. పరీక్ష అడగండి. గోరు ముక్కనూ, గోరు కింద పేరుకున్న పొడినీ తీసి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపు కింద చూడటాన్ని కేఓహెచ్ అంటారు. అది చాలాసార్లు అదేరోజు తేలిపోతుంది. అదే ముక్కను కల్చర్‌కి పంపితే ఫంగస్ పెరిగి పేరు తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఫంగస్ నిజంగా ఉన్నా కల్చర్‌లో పెరగకపోవడం మామూలే, కాబట్టి ఒక్క నెగెటివ్ రిపోర్టుతో సంబరపడొద్దు. గోరు ముక్కను పీఏఎస్ అనే రంగు వేసి చూడటం, పీసీఆర్ చేయడం కూడా ఉన్నాయి. బెంగళూరులో బౌరింగ్, విక్టోరియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే పని అవుతుంది.

ముక్క ఎక్కడి నుంచి తీస్తున్నారో కూడా గమనించండి. గోరు చివర కొస కత్తిరించి డబ్బాలో వేస్తే అందులో చాలావరకు చచ్చిన చెత్తే ఉంటుంది. బతికున్న ఫంగస్ లోపల, చెడిన గోరూ మంచి గోరూ కలిసే గీత దగ్గర ఉంటుంది. మంచి టెక్నీషియన్ ముందు కొసను కత్తిరించి పారేస్తుంది. తర్వాత చిన్న గరిటె లాంటి పనిముట్టుతో గోరు కిందకు పోనిచ్చి, ఆ గీత దాకా గీకి తెల్లటి పొడిని నల్ల కాగితం మీదకు రాలుస్తుంది. కొంచెం చురుక్కుమంటుంది, ఓర్చుకోండి.

మామయ్యకు మొదటిసారి నెగెటివ్ వచ్చింది. ఎందుకా అని తవ్వితే, ముందురోజు రాత్రి దాకా మెడికల్ షాపు వాడిచ్చిన ట్యూబు రాస్తూనే ఉన్నాడు. ఆ ట్యూబు తీసుకుని వెనక చదివితే స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిసి ఉన్నాయి. మన దేశంలో తామర ఇంత మొండికేయడానికి ఇలాంటి కలగలుపు క్రీములదీ పెద్ద చెయ్యని చర్మ డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. భారత్, నేపాల్ నుంచి వెళ్లిన రోగుల దగ్గర జపాన్ పరిశోధకులు ఒక మొండి ఫంగస్‌ను గుర్తించి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అది ఎక్కువగా ఒంటి మీద తామరలో కనిపిస్తుంది, టెర్బినఫిన్ అనే ఫంగస్ మందుకి చాలాసార్లు లొంగదు. గోటిలో ఎక్కువగా దొరికేది దాని బంధువు ట్రైకోఫైటన్ రూబ్రమ్. మీకు గోరుతో పాటు తొడల్లోనో నడుం దగ్గరో తామర ఉంటే సిగ్గుపడి దాచకండి. ఆ సంగతి తెలిస్తే డాక్టరు రాసే మందే మారిపోవచ్చు.

క్రీము ఆపి, నెల తర్వాత మళ్లీ తీయిస్తే మామయ్యకు పాజిటివ్ వచ్చింది.

2. ట్రయల్ లేకపోతే మీకు దొరికే మందేమిటో తెలుసుకోండి

ఇది తెలియకపోతే కొత్త మందు గొప్పదా కాదా అని బేరీజు వేయడానికి మీ దగ్గర తూకం రాయి ఉండదు.

కాలి గోళ్లకు ఎక్కువగా వాడేది టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 12 వారాలు. చేతి గోళ్లకైతే 6 వారాలు. రెండోది ఇట్రాకొనజోల్. దీన్ని విడతలుగా ఇస్తారు: నెలలో ఒక వారం పాటు రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాములు, మిగతా మూడు వారాలు ఏమీ ఉండదు, ఇలా కాలికి మూడు విడతలు. టెర్బినఫిన్ మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చేయిస్తారు. కొందరికి నోటి రుచి పోతుంది, చారు కూడా చప్పగా అనిపిస్తుంది. మానేశాక ఎక్కువమందికి తిరిగి వస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇట్రాకొనజోల్ పనికిరాదు. కొలెస్ట్రాల్ మాత్రల్లో కొన్నిటితో కూడా దానికి పడదు. మీరు వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. పేర్లు నోటికి చెప్పబోతే ఒకటి తప్పకుండా మర్చిపోతారు.

పూత మందుల్లో అమోరోల్ఫిన్ 5 శాతం, సైక్లోపిరాక్స్ 8 శాతం గోళ్ల రంగులా పూసుకునేవి. ఎఫినకొనజోల్ 10 శాతం, టావబొరోల్ 5 శాతం ద్రావణాలకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొంచెం చెడిన గోటికి పూతతో సరిపెట్టొచ్చు. గోరు మొదలు దాకా పాకిపోతే పూత ఒక్కటే చాలడం కష్టం.

లేజర్ గురించి ఒక్క మాట. బెంగళూరులో సందుకో స్కిన్ క్లినిక్, ప్రతి దాని ముందూ లేజర్ బోర్డు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మెషీన్లకు అనుమతి ఇచ్చింది గోరు తాత్కాలికంగా తేటపడటానికి. ఫంగస్ నయమవుతుందని కాదు. వేలకు వేలు కట్టే ముందు ఆ "తాత్కాలికంగా" అన్న మాట దగ్గర ఆగండి.

షుగర్ ఉందా, కాలికి స్పర్శ తగ్గిందా, గోరు పక్కన పుండు ఉందా? అయితే ట్రయల్ మాట పక్కన పెట్టి ముందు వైద్యం చూసుకోండి. షుగర్ అదుపులో లేనివాళ్లను ఇలాంటి ట్రయల్స్ చాలావరకు ఎలాగూ తీసుకోవు.

3. ట్రయల్ పేరు రిజిస్ట్రీలో వెతకండి

మన దేశంలో ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా) అనే రిజిస్ట్రీలో ఉంటాయి. దీన్ని కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కింది సంస్థ 2007 జులైలో మొదలుపెట్టింది. ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వెతికేటప్పుడు రోగం పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి: ఓ, ఎన్, వై, సి, హెచ్, ఓ, ఎం, వై, సి, ఓ, ఎస్, ఐ, ఎస్. ఆనికోమైకోసిస్. దాంతో దొరక్కపోతే టీనియా అంగ్వియం అని వెతకండి.

అంతకంటే తేలిక దారి, మిమ్మల్ని పిలిచినవాళ్లనే సీటీఆర్ఐ నంబరు అడగడం. సీటీఆర్ఐ అన్న అక్షరాలు, తర్వాత సంవత్సరం, నెల, ఆరంకెలు ఉంటాయి. "ఇంకా రాలేదు, వచ్చాక చెప్తాం" అంటే అక్కడితో లేచి వచ్చేయొచ్చు. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని తీసుకోకముందే నమోదైన ట్రయల్స్‌నే సీటీఆర్ఐ ఒప్పుకుంటోంది. కాబట్టి నంబరు లేకుండా మనుషుల్ని చేర్చుకుంటున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

పేజీ తెరిచాక నాలుగు చోట్ల కళ్లు పెట్టండి. డబ్బు ఎవరిది? ఏ ఫేజు? ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరేవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) అనుమతి ఉందా? మీరు వెళ్లే ఆసుపత్రి పేరు సైట్ల జాబితాలో ఉందా? చివరిది తప్పకుండా చూడండి. ట్రయల్ నిజమైనదే అయి, మిమ్మల్ని పిలిచిన క్లినిక్‌కి దాంతో ఏ సంబంధమూ లేకపోవడం నేను చూశాను.

ఫేజు 1 అంటే మందు మనుషుల ఒంటికి పడుతుందా అని మొదటిసారి చూడటం. ఫేజు 3 అంటే వందలమంది మీద, ఉన్న మందుతోనో మందు కలపని ఉత్త ద్రావణంతోనో పోల్చి చూడటం. గోరు ఫంగస్ విషయంలో మీకు ఎక్కువగా తగిలేవి ఇంకో రెండు రకాలు. ఒకటి చర్మవ్యాధుల పీజీ విద్యార్థుల థీసిస్: యాభై అరవైమందిని రెండు గుంపులు చేసి, మార్కెట్లో ఉన్న మందుల్నే పోల్చి చూస్తారు. ఇందులో భయపడాల్సింది పెద్దగా ఉండదు. కాకపోతే ఆ పిల్ల ఎండీ పరీక్ష రాసి వెళ్లిపోయాక మీ గోరు ఎవరు చూస్తారో ముందే అడగండి. రెండోది ఆయుర్వేదం, సిద్ధ వైద్యాల ట్రయల్స్. వాటికీ ఇవే ప్రశ్నలు.

వీటిని బయోఈక్వివలెన్స్ స్టడీలతో కలపకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను రెండు రాత్రులు ల్యాబులో ఉంచి, మాత్ర మింగించి, గంటగంటకూ రక్తం తీసి, చేతిలో డబ్బు పెట్టేవి అవి. 2017లో కరీంనగర్ వైపు పల్లెల నుంచి కొందరు డబ్బు కోసం అలా బెంగళూరు దాకా వచ్చి జబ్బుపడ్డారని పేపర్లలో వచ్చింది. మా అత్తకు అదే గుర్తుండి, ట్రయల్ అనగానే వణికిపోయింది. ఆవిడ భయం ఉత్తుత్తిది కాదు. కానీ గోటికి మందు పూయడం, ఆ పని ఒకటి కాదు.

4. "నయం అంటే మీ లెక్కలో ఏంటి?" అని అడగండి

మిగతావన్నీ మర్చిపోయినా ఈ ప్రశ్న మాత్రం అడగండి. గోరు ఫంగస్ పరిశోధనలో "నయం" అనే మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. మందుల కంపెనీ తనకు నప్పేది ముందు పెడుతుంది, తప్పు పట్టలేం. మీరు మాత్రం ఏ నయమో తెలుసుకుని ఒప్పుకోవాలి.

మొదటిది ల్యాబు నయం. కేఓహెచ్ నెగెటివ్, కల్చర్ నెగెటివ్. ఫంగస్ చచ్చింది. గోరు మాత్రం ఇంకా పచ్చగా, మందంగా ఉండొచ్చు. రెండోది పూర్తి నయం. ల్యాబు నెగెటివ్‌తో పాటు గోటిలో సున్నా శాతం చెడు ఉండాలి, అంటే పుట్టినప్పటి గోరులా ఉండాలి. ఈ రెంటి మధ్య "బాగా మెరుగు" అని రకరకాల కొలతలుంటాయి, ఒక్కో ట్రయల్‌లో ఒక్కో రకం.

ఎఫినకొనజోల్ కోసం చేసిన రెండు పెద్ద ఫేజు 3 ట్రయల్స్ తీసుకోండి. రెండింట్లో కలిపి 1,655 మంది. బొటనవేలి గోరు 20 నుంచి 50 శాతం దాకా చెడినవాళ్లనే తీసుకున్నారు. 48 వారాలు రోజూ పూత, 52వ వారంలో లెక్క. ల్యాబు నయం 55 శాతం, 53 శాతం. వినడానికి బాగుంది కదా? పూర్తి నయం మాత్రం 17.8 శాతం, 15.2 శాతం. మందు లేని ఉత్త ద్రావణం పూసుకున్నవాళ్లలో 3.3, 5.5 శాతం.

మామయ్యకు ఇది శాతాల్లో చెప్తే తలకెక్కలేదు. పప్పుల డబ్బా తెచ్చి బల్ల మీద వంద శనగలు పోశాను. "ఇదిగో మామయ్యా, వందమంది ఏడాది పాటు రోజూ మందు పూసుకున్నారు. గోరు పూర్తిగా బాగుపడింది వీళ్లకి" అని పద్దెనిమిది పక్కకు జరిపాను. "ఉత్త నీళ్లలాంటిది పూసుకున్న వందమందిలో బాగుపడింది ఈ ముగ్గురు. మందు పుణ్యమా అని అదనంగా బాగుపడినవాళ్లు పదిహేనుమంది, అంతే." ఆయన మిగిలిన శనగల కుప్ప వైపు చాలాసేపు చూసి, "వీళ్లంతా ఏడాది ఊరికే తిరిగారా?" అన్నాడు.

ఊరికే కాదు. కాలి గోరు నెలకు పెరిగేది సుమారు 1.6 మిల్లీమీటర్లు. బొటనవేలి గోరు మొదలు నుంచి కొస దాకా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మూడో నెలలోనే ఫంగస్ మొత్తం చచ్చినా, చెడిపోయిన పాత గోరు ముందుకు జరిగి కత్తెరకు అందేదాకా అక్కడే ఉంటుంది. 52వ వారంలో లెక్క కట్టేస్తే చాలామంది దారి మధ్యలో ఉంటారు. అందుకే ట్రయల్ అయిపోయాక కూడా గోరు చూస్తారా, ఎన్ని నెలలు చూస్తారు అన్నది అడగాల్సిన ప్రశ్న.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. టెర్బినఫిన్‌నే 10 శాతం ద్రావణంగా చేసి గోటికి పూసిన ఒక ఫేజు 3 ట్రయల్‌లో ల్యాబు నయం 70 శాతం దగ్గరకు వచ్చింది. పూర్తి నయం 5 శాతం లోపే. కరపత్రంలో ఏ అంకె వేస్తారో మీరే చెప్పండి.

మాత్రల లెక్కలు ఇంతకన్నా మెరుగు. టెర్బినఫిన్ 12 వారాలకు అమెరికా లేబుల్ మీద కాలి గోటికి ల్యాబు నయం 70 శాతం, పూర్తి నయం 38 శాతం అని ఉంటుంది. 1999లో వచ్చిన లయన్ స్టడీలో 496 మందిని 72 వారాల పాటు చూశారు. టెర్బినఫిన్ 12 వారాలు రోజూ వేసుకున్నవాళ్లలో ల్యాబు నయం 76 శాతం దగ్గర, ఇట్రాకొనజోల్ మూడు విడతలు వేసుకున్నవాళ్లలో 38 శాతం. ఆ స్టడీకి డబ్బు పెట్టింది అప్పట్లో టెర్బినఫిన్ అమ్ముతున్న మందుల కంపెనీ నొవార్టిస్. అంతమాత్రాన అది అబద్ధం అయిపోదు. కానీ డబ్బు ఎవరిది అన్న ప్రశ్న ఎందుకు అడగమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒక ట్రయల్ అంకెను ఇంకో ట్రయల్ అంకె పక్కన పెట్టి గెలుపోటములు తేల్చడం కూడా పూర్తిగా సరికాదు. తీసుకున్న గోళ్లు వేరు, చూసిన కాలం వేరు.

5. కన్సెంట్ ఫారం తెలుగులో అడిగి, ఇంటికి తెచ్చుకోండి

కన్సెంట్ ఫారం అంటే ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టే కాగితం. మీకు అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలన్నది 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో ఉంది. బెంగళూరులో కన్నడ, ఇంగ్లిష్ ఫారాలు బల్ల మీదే ఉంటాయి. తెలుగుది అడిగితేనే అలమరాలోంచి బయటికి వస్తుంది. "కన్నడ వచ్చు కదా సార్, ఇందులోనే చేసేయండి" అంటారు. కూరగాయల బేరానికి వచ్చే కన్నడ వేరు, లివర్ గురించి చదవడానికి కావలసిన కన్నడ వేరు. అడగండి.

తెలుగు ఫారం దొరికాక రెండో తలనొప్పి. ఆ తెలుగు ఎవరిదో తెలియదు. మామయ్య కళ్లజోడు పెట్టుకుని చదువుతూ "మిమ్ములను యాదృచ్ఛికముగా ఒక సమూహమునకు కేటాయించెదరు" దగ్గర ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"చీటీ వేస్తారు మామయ్యా. మందున్న సీసా నీకొస్తుందో, లేనిది వస్తుందో చీటీని బట్టి."

"డాక్టర్‌కి తెలుసు కదా, మనవాడే, మందుందే ఇస్తాడులే."

"డాక్టర్‌కీ తెలియనివ్వరు. కంప్యూటర్ వేస్తుంది చీటీ."

ఇక్కడే చాలామంది మోసపోయామనుకుంటారు, తర్వాత గొడవలవుతాయి. అందుకే ముందే అడగండి: ఎంతమందిలో ఎంతమందికి అసలు మందు? ఎఫినకొనజోల్ ట్రయల్స్‌లో నలుగురిలో ముగ్గురికి మందు, ఒకరికి ఉత్త ద్రావణం. సగం సగం ఉండేవీ ఉన్నాయి. ఉత్త ద్రావణం వచ్చినవాళ్లకు ట్రయల్ అయ్యాక అసలు మందు ఇస్తారా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

ఫారంలో వేలు పెట్టి వెతకాల్సినవి ఇంకా ఉన్నాయి. ట్రయల్ వల్ల మీకు హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, పరిహారం ఇవ్వాలి అని ఉందా. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు, మానేసినా మామూలు వైద్యం ఆగదు అని ఉందా. డాక్టరు నంబరుతో పాటు ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ నంబరు ఉందా. ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో డాక్టర్లు కాని మామూలు మనిషి, చట్టం తెలిసినవాళ్లు, ఒక మహిళ ఉండి తీరాలి. ఆ నంబరు అలంకారానికి వేసింది కాదు. నా ఉద్యోగంలో ఆ నంబరుకు ఫోన్ చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ ఆ ఫోన్ వచ్చిన రోజు ఆఫీసంతా నిటారుగా కూర్చునేది.

డబ్బు విషయం. పరిశోధన కోసమే చేసే పరీక్షలకు, ట్రయల్ మందుకు మీరు కట్టాల్సిన పని లేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. దారి ఖర్చులు ఇస్తారా, ఎంత, చేతికా అకౌంట్‌కా అన్నది నోటిమాటగా కాక ఫారంలో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఫీజు అని ఎవరైనా అడిగితే అది ట్రయల్ కాదు, వ్యాపారం.

అక్కడికక్కడే సంతకం పెట్టకండి. "ఇంట్లో చూపించి రేపు చెప్తాను" అంటే ఎవరూ కాదనకూడదు. పెట్టాక సంతకాలున్న కాపీ ఒకటి మీ చేతికి రావాలి. చదవడం రానివాళ్లయితే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. వార్డు బాయ్‌ని పిలిచి సాక్షి సంతకం పెట్టించబోతే, వద్దు, మా అబ్బాయిని పిలుస్తానని చెప్పండి.

6. మీ ఏడాదిని క్యాలెండర్ మీద పెట్టి చూసుకోండి

విజిట్లు ఎన్ని, ఏ వారం, ఎన్ని రోజులు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు? దీన్ని విండో అంటారు. మూడు రోజుల విండో ఉందనుకోండి, సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులుంటే ఆ విజిట్ పోయినట్టే. కనుమ మర్నాడే బస్సెక్కలేనివాళ్లు ముందే చెప్పి తేదీలు సర్దించుకోండి. పగలు షిఫ్టు పోగొట్టుకుని రావాలా, సాయంత్రాలు ఉంటారా అన్నది కూడా.

పూత మందయితే సీసాను ప్రతిసారీ వెనక్కి తెమ్మంటారు, తూకం వేస్తారు. ఎంత వాడారో అందులోనే తెలిసిపోతుంది. విజిట్ ముందురోజు సగం సీసా సింకులో పారబోసి వచ్చిన మహానుభావుణ్ణి చూశాను. మూడు వారాల మందు ఒక్క రాత్రిలో అయిపోయినట్టు తేలింది. మందు పూసుకోవడం మర్చిపోతే మర్చిపోయానని చెప్పండి. ఆ నిజం కూడా వాళ్లకు కావలసిన సమాచారమే.

ముందు వాడిన మందులకు కొన్నాళ్లు ఎడం ఉండాలంటారు. పూతకైతే కొన్ని వారాలు, మాత్రలకైతే కొన్ని నెలలు. చేరాలనే ఆశతో దాచొద్దు. ఆడవాళ్లకు గర్భం లేదని పరీక్ష చేస్తారు, ట్రయల్ నడిచేంతకాలం గర్భనిరోధం పాటించమంటారు. పెళ్లయి ఏడాది కాని పిల్లలు ఇది అత్తగారి ముందు కాకుండా విడిగా మాట్లాడుకోవడం మంచిది. కోఆర్డినేటర్‌ని అడిగితే గది చూపిస్తుంది.

చేరాక ఏదైనా తేడా చేస్తే, చర్మం మంటెక్కినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, తర్వాతి విజిట్ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిందంటే ఆ విషయం డాక్టరు 24 గంటల్లో పైకి తెలియజేయాలన్నది నియమం. మీరు చెప్తేనే కదా ఆయనకు తెలిసేది.

7. తీసుకోకపోతే

మామయ్యను తీసుకోలేదు. స్క్రీనింగ్‌లో గోరు మీద పారదర్శకమైన గళ్ల కాగితం పెట్టి లెక్కేస్తే సగానికి పైగా చెడింది, మొదలు దాకా పాకింది. వాళ్లకు కావలసింది సగం లోపు. ఆయనకు అవమానంలా అనిపించింది. "ఉచితం అన్నారు, గోరు ఇంకా చెడితే మాకెందుకన్నారు" అని రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. స్క్రీనింగ్‌లో వెనక్కి పంపడం మామూలు విషయం. కేఓహెచ్, కల్చర్, లివర్ రిపోర్టుల కాపీలు అడిగి తీసుకోండి, మీ మామూలు డాక్టరుకు అవి పనికొస్తాయి.

ఆ రిపోర్టులతోనే ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో టెర్బినఫిన్ రాశారు. 12 వారాలు పూర్తయిన రోజు మళ్లీ ఫోన్. "మాత్రలయిపోయాయి, గోరు అలాగే ఉంది. ఈ మందు పని చెయ్యలేదమ్మా." మొదటి రోజే నేను ఆకురాయితో గోరు మీద, చెడిన భాగం మొదలయ్యే చోట, సన్నటి గాటు ఒకటి పెట్టి వచ్చాను. ట్రయల్స్‌లో కూడా కొన్నిచోట్ల ఇలాగే చేస్తారు. "ఆ గాటు ఎక్కడుంది మామయ్యా?" "అది ముందుకొచ్చింది." "దాని వెనకాల కొత్తగా వచ్చిన గోరు ఏ రంగు?" కాసేపు ఏమీ మాట్లాడలేదు. టార్చి వెతుకుతున్నట్టు చప్పుడు. "తెల్లగానే ఉందే."

మీరూ అదే చేయండి. గాటు పెట్టడం భయమైతే ప్రతి నెలా ఒకటో తారీఖున, అదే కిటికీ దగ్గర, గోరు పక్కన పిల్లల స్కేలు పెట్టి ఫోటో తీయండి. మాత్రలు ఆగాక కూడా మందు గోటిలో కొన్ని నెలలు ఉంటుంది, అందుకే ఆపగానే ఇంకో కోర్సు అడగకండి. కొత్తగా వచ్చే గోరు మళ్లీ పచ్చబడటం మొదలైతే, గీత వెనక్కి జరుగుతుంటే అప్పుడు వెళ్లండి. ఈలోపు పాత సాక్సులు పారేయండి, సేఫ్టీ షూ జత ఇంకోటి ఉంటే రోజు మార్చి రోజు వేసుకోండి, వేళ్ల సందులు పాచిపోయి ఉంటే దానికీ మందు రాయించుకోండి. లేకపోతే అక్కడి ఫంగస్ మళ్లీ గోటిలోకే వస్తుంది.

మామయ్య వాట్సాప్‌లో ఇప్పటికి ఎనిమిది ఫోటోలు పంపాడు. ఎనిమిదోదాంట్లో పచ్చ భాగం గోరు పైసగంలోకి వెళ్లిపోయింది. స్కేలు తలకిందులుగా పెట్టాడు, అంకెలు సరిగ్గా కనపడలేదు. మళ్లీ తీసి పంపమన్నాను.